మంచం పక్కన మనిషి : ఐసీయూ నర్సుల చరిత్ర, మన ముంబై

ఉపోద్ఘాతం

పోయిన ఏడాది వానాకాలంలో మా తాతను ఐసీయూలో పెట్టారు. తాత వయసు అప్పటికి 72. నల్లగొండ జిల్లా నుంచి చిన్నప్పుడే బొంబాయి వచ్చి, మిల్లులో సాంచ ఖాతాలో పని చేశాడు. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మె తర్వాత ఆయన మిల్లు పని పోయింది. కానీ అన్ని ఏళ్లు పీల్చిన దూది నుసి ఊపిరితిత్తులకు చేసిన నష్టం మాత్రం పోలేదు. చలికాలం వస్తే చాలు, రాత్రంతా దగ్గు. వర్లి చాళ్‌లో మాది ఒక్కటే ఖోలీ కాబట్టి తాత దగ్గితే అందరం లేచేవాళ్లం. ఆ దగ్గుకు పోయినసారి న్యుమోనియా తోడయింది. ఆసుపత్రికి తీసుకుపోయిన రాత్రే వెంటిలేటర్ పెట్టారు.

మా నాయనమ్మ ఐసీయూ తలుపు బయట నేల మీద కూర్చొని ఒక్కటే మాట అన్నది. "ఆ మిషన్ మీద పెట్టిన్రంటే ఇగ మనిషి రాడు బిడ్డా." మా చాళ్‌లో చాలామంది పెద్దవాళ్లు ఇదే అంటారు.

రెండో రోజు నన్ను పది నిమిషాలు లోపలికి పంపారు. తాత నోట్లో గొట్టం, మెడ దగ్గర సూది, వేలికి క్లిప్పు, తల దగ్గర పచ్చటి గీతలు పోయే తెర. మంచం కాళ్ల వైపు ఒక సిస్టర్ స్టూలు మీద కూర్చొని పెద్ద కాగితంలో అంకెలు రాస్తున్నది. తర్వాత లేచి, తాత మందుల వల్ల నిద్రలో ఉన్నా సరే, చెవి దగ్గరికి వంగి, "బాబా, మిమ్మల్ని ఇప్పుడు ఎడమ పక్కకు తిప్పుతాను" అని హిందీలో చెప్పి, ఇంకొక సిస్టర్‌ను పిలిచి తిప్పింది. నిద్రలో ఉన్న మనిషికి ఎందుకు చెప్పారు అని అడిగాను. "సున్తే హై బేటా" అన్నది. వింటారట.

ఇంటికి వచ్చాక నాకు ఒక ప్రశ్న పట్టుకుంది. ఈ గదిని ఎవరు మొదలుపెట్టారు? వెంటిలేటర్ గురించి సైన్సు పుస్తకంలో ఉంటుంది. మరి ఆ స్టూలు మీద కూర్చున్న మనిషి గురించి ఎక్కడ ఉంటుంది? ఆ ప్రశ్న పట్టుకొని మా టీచర్ల దగ్గర, లైబ్రరీలో తెలుసుకున్నదే ఈ వ్యాసం.

స్కుటారి ఆసుపత్రి

నర్సుల చరిత్ర అంటే అందరూ ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు చెబుతారు. చేతిలో దీపం ఉన్న బొమ్మ మనం చిన్న తరగతుల్లోనే చూశాం. కానీ ఆమె చేసిన అసలు పని దీపం కన్నా పెద్దది.

1854లో క్రిమియా యుద్ధం జరుగుతుండగా గాయపడిన బ్రిటిష్ సైనికులను టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి తెచ్చేవాళ్లు. ఆ నవంబర్‌లో నైటింగేల్ 38 మంది నర్సులతో అక్కడికి చేరింది. అక్కడ తుపాకీ గాయాల కన్నా కలరా, విరేచనాలు, జ్వరాలతో పోయినవాళ్లే ఎక్కువ. శుభ్రమైన దుప్పట్లు, గాలి, వేడి తిండి, మురుగు బాగుచేయడం మీద ఆమె పట్టుపట్టింది. ఎవరు దేనితో చనిపోతున్నారో లెక్కలు రాయించింది. జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్లను నర్సుల కళ్లకు దగ్గరగా ఉంచాలన్నది ఆమె పద్ధతి. 1863లో ఆసుపత్రుల గురించి రాసిన పుస్తకంలో, ఆపరేషన్ అయినవాళ్లను కోలుకునేదాకా విడిగా ఒక చిన్న గదిలో ఉంచి చూసుకునే ఏర్పాటు గురించి కూడా రాసింది. ఇవాళ్టి ఐసీయూకు ఇది తాతమ్మ అనుకోవచ్చు.

1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరుతో నర్సింగ్ బడి మొదలైంది. అంతకుముందు రోగి సేవ అంటే ఎవరూ చేయని పని, చదువు అక్కరలేని పని అనుకునేవాళ్లు. దానికి చదువు కావాలి, పరీక్ష కావాలి అని చెప్పడమే ఆమె తెచ్చిన మార్పు.

కామాఠీపురా, ప్లేగు, భయం

ఇక మన ఊరికి వద్దాం. నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయిలో రోడ్లు, ఇళ్లు కట్టే కూలి పని చేసిన తెలుగువాళ్లను కామాఠీలు అనేవాళ్లు. వాళ్లు ఉన్న పేట కాబట్టి కామాఠీపురా అయింది. ఆ పక్కనే బైకుల్లాలో 1845లో జేజే ఆసుపత్రి వచ్చింది. అంటే మనవాళ్ల గుడిసెలకు, ఆ రోజుల్లోని పెద్ద ఆసుపత్రికి నడిచిపోయేంత దూరమే. కానీ దగ్గరగా ఉన్నంత మాత్రాన నమ్మకం రాదు. అది 1896లో తెలిసింది.

ఆ సంవత్సరం సెప్టెంబర్‌లో మాండ్వీలో డాక్టర్ అకాసియో వియేగస్ ప్లేగును గుర్తించాడు. తర్వాత రోగం ఊరంతా పాకింది. లక్షల మంది ఊరు విడిచి పారిపోయారు. ప్రభుత్వం ఇళ్లల్లోకి చొరబడి రోగులను బలవంతంగా ఆర్థర్ రోడ్ ఆసుపత్రికి తీసుకుపోయేది. ఇప్పుడు దాన్నే కస్తూర్బా ఆసుపత్రి అంటున్నాం. లోపలికి పోయినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. ఇంటివాళ్లను లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. లోపల మనుషులను చంపేస్తున్నారని పుకార్లు పుట్టాయి. 1896 అక్టోబర్‌లో సుమారు వెయ్యి మంది మిల్లు కార్మికులు ఆ ఆసుపత్రి మీద దాడి చేశారు.

ఈ విషయం చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. "ఇగ మనిషి రాడు" అన్న మాట నూట ఇరవై ఏళ్ల పైబడిన పాత మాట. ఆ మిల్లు కార్మికులు మూర్ఖులు కాదు. వాళ్లకు ఒక తలుపు మాత్రమే కనిపించింది. ఆ తలుపు వెనుక తమ మనిషి పక్కన ఎవరు ఉన్నారో, అతని దాహం ఎవరు తీరుస్తున్నారో చెప్పేవాళ్లు లేరు.

అదే ప్లేగులో ఇంకొక సంగతి జరిగింది. పుణె దగ్గర సావిత్రీబాయి ఫూలే, డాక్టరైన తన కొడుకు యశ్వంత్‌తో కలిసి రోగుల కోసం దవాఖానా నడిపింది. ప్లేగు సోకిన ఒక పిల్లవాణ్ణి తన భుజాల మీద మోసుకొచ్చింది. ఆ రోగమే ఆమెకు అంటుకుంది. 1897 మార్చి 10న చనిపోయింది. మనం ఆమెను మొదటి టీచర్‌గా చదువుకుంటాం. ఆమె చివరి పని మాత్రం నర్సు పని. ఫూలే పెట్టిన సత్యశోధక్ సమాజ్‌లో బొంబాయి తెలుగువాళ్లు కూడా ఉన్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జయా కరాడీ లింగు వంటి వాళ్ల పేర్లు ఆ చరిత్రలో కనిపిస్తాయి. కాబట్టి సావిత్రీబాయి మనకు పరాయి మనిషి కాదు.

ప్లేగు వల్ల ఇరుకు ఇళ్ల గురించి ప్రభుత్వానికి భయం పట్టుకుంది. 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ పెట్టి పేటలు పడగొట్టి కొత్త చాళ్లు కట్టారు. 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లిలో 121 చాళ్లు కట్టింది. బీడీడీ అన్న మూడక్షరాలు ఆ డిపార్ట్‌మెంట్ పేరే. 160 చదరపు అడుగుల ఖోలీలో మిల్లు కార్మికుల కుటుంబాలు చేరాయి. 1926లో, కొద్ది దూరంలోనే పరేల్‌లో, కేఈఎం ఆసుపత్రి మొదలైంది. దానికి జతగా ఉన్న మెడికల్ కాలేజీ సేఠ్ గోర్ధన్‌దాస్ సుందర్‌దాస్ పేరు మీద ఉంది. అక్కడ భారతీయ డాక్టర్లనే నియమించాలన్నది డబ్బు ఇచ్చినవాళ్ల షరతు. చాళ్లు, మిల్లులు, ఆసుపత్రి అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెరిగాయి.

1952 : చేతులతో ఊపిరి

ఐసీయూ అసలు పుట్టింది మాత్రం మన దగ్గర కాదు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో. మా తాత పుట్టిన సంవత్సరం, 1952లో.

ఆ ఏడాది అక్కడ పోలియో విరుచుకుపడింది. కొందరికి కాళ్లు చేతులే కాదు, ఊపిరి పీల్చే కండరాలు కూడా పడిపోయాయి. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో అలాంటి రోగులకు ఉన్నవి ఒక ఇనుప పెట్టె యంత్రం, ఛాతీకి కట్టే ఆరు చిన్న యంత్రాలు. మొదట చేరిన అలాంటి 31 మందిలో 27 మంది చనిపోయారు.

అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరును పిలిచారు. 1952 ఆగస్టు 27న 12 ఏళ్ల అమ్మాయి మీద ఆయన కొత్త పద్ధతి ప్రయత్నించాడు. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి శ్వాసనాళంలో గొట్టం పెట్టి, దానికి రబ్బరు సంచి తగిలించి, చేత్తో నొక్కుతూ గాలి పంపాడు. ఆ అమ్మాయి బతికింది.

కానీ ఒక్కరికి చేయడం వేరు. ఒక దశలో 70 మందికి ఒకేసారి ఆ సంచి నొక్కాల్సి వచ్చింది. రాత్రి, పగలు, ఒక్క నిమిషం ఆగకుండా. అందుకు సుమారు 1,500 మంది మెడికల్ విద్యార్థులను పిలిచారు. వాళ్లు వంతులవారీగా మంచాల పక్కన కూర్చొని సంచి నొక్కారు. నర్సులు గొట్టంలో చేరిన కఫం తీస్తూ, రోగులను పక్కలకు తిప్పుతూ, శరీరం ఎలా ఉందో చూస్తూ ఆ విద్యార్థులకు పని చూపించారు. అంతకుముందు నూటికి 80 మందికి పైగా చనిపోతుండగా, ఆ తర్వాత సగం కన్నా ఎక్కువ మంది బతికారు.

నేను ఈ భాగం రెండుసార్లు చదివాను. చాలామంది విద్యార్థులు తమ వయసు రోగి ముఖం చూస్తూ గంటల తరబడి సంచి నొక్కి ఉంటారు. తను ఆపితే ఎదుటి మనిషి ఊపిరి ఆగిపోతుంది. వెంటిలేటర్ యంత్రాలు అందరికీ అందకముందు, మనుషులే వెంటిలేటర్లు.

1953 డిసెంబర్‌లో ఇబ్సెన్ కోపెన్‌హాగన్‌లోనే ఇంకొక ఆసుపత్రిలో ప్రత్యేక వార్డు మొదలుపెట్టాడు. అన్ని రకాల ప్రమాద స్థితి రోగులనూ ఒకచోట పెట్టి, ఒక్కొక్క రోగికి ఎప్పుడూ ఒక నర్సు ఉండేలా చూశాడు. ప్రపంచంలో మొదటి ఐసీయూ అదే అని చాలామంది చెబుతారు. అంటే ఒక రోగికి ఒక నర్సు అన్నదే ఐసీయూకు పునాది.

బొంబాయిలో ఐసీయూ

మన బొంబాయికి ఈ పద్ధతి 1960ల చివర వచ్చింది. మొదట గుండెపోటు వచ్చినవాళ్లను ఎప్పుడూ కనిపెట్టి చూసే వార్డులు పెట్టారు. డాక్టర్ ఫారోఖ్ ఉద్వాడియా పేరు ఇక్కడ తప్పకుండా చెప్పాలి. జేజే ఆసుపత్రిలో, బ్రీచ్ క్యాండీ ఆసుపత్రిలో ప్రమాద స్థితి రోగుల వైద్యాన్ని ఆయన పెంచాడు. ధనుర్వాతం మీద పెద్ద పుస్తకం రాశాడు.

ధనుర్వాతం అంటే ఇప్పటి పిల్లలకు సూది మందు మాత్రమే తెలుసు. తుప్పు మేకు గుచ్చుకుంటే టీటీ వేస్తారు. పాత రోజుల్లో కూలి పని చేసేవాళ్లకు, చెప్పులు లేనివాళ్లకు, మంత్రసాని చేతిలో పుట్టిన పిల్లలకు అది చావే. దవడ బిగుసుకుపోతుంది, శరీరం విల్లులా వంగుతుంది. అందుకే ధనుర్వాతం అన్నారు. తలుపు గట్టిగా వేసినా, లైటు వేసినా, ఒళ్లు ముట్టుకున్నా మళ్లీ బిగుసుకుంటుంది. కాబట్టి చీకటి గదిలో, చప్పుడు లేకుండా ఉంచాలి. ఇప్పుడు నర్సు పని ఊహించండి. కఫం తీయాలి, పక్కకు తిప్పాలి, మందు ఎక్కించాలి, కానీ చప్పుడు చేయకూడదు. యంత్రం వచ్చాక కండరాలను మందుతో సడలించి వెంటిలేటర్ మీద వారాల తరబడి ఉంచేవాళ్లు. అన్ని వారాలూ ఆ మనిషి కన్నుకొనలు కూడా కదలవు. కన్ను ఎండిపోకుండా చూడటం దగ్గర నుంచి అన్నీ నర్సే చేయాలి.

కేఈఎం నాలుగో వార్డు

ఇప్పుడు చెప్పేది నర్సు గురించే. కానీ ఈసారి మంచం మీద ఉన్నది కూడా నర్సే.

అరుణా శానబాగ్ కర్ణాటకలోని హల్దీపూర్‌లో 1948లో పుట్టింది. కేఈఎంలో నర్సుగా పని చేసేది. పెళ్లి కుదిరింది. 1973 నవంబర్ 27న ఆసుపత్రిలోనే పనిచేసే ఒక వార్డుబాయ్ ఆమె మీద దాడి చేసి కుక్క గొలుసుతో మెడ బిగించాడు. మెదడుకు ఆక్సిజన్ అందలేదు. ప్రాణం పోలేదు గానీ చూపు, మాట, నడక పోయాయి. ఆమె వయసు 25. ఆ దాడి తర్వాత బొంబాయి నర్సులు తమ భద్రత కోసం సమ్మె చేశారు.

అక్కడి నుంచి దాదాపు 42 ఏళ్లు కేఈఎం నాలుగో వార్డు పక్కన ఒక గదిలో ఆమె ఉంది. నర్సులే స్నానం చేయించారు, మెత్తగా చేసి తినిపించారు, పక్కలకు తిప్పారు. ఒక నర్సు రిటైర్ అయితే కొత్తగా వచ్చిన నర్సు ఆ పని అందుకుంది. ఆమె మీద దాడి జరిగినప్పటికి పుట్టని అమ్మాయిలు కూడా వచ్చి సేవ చేశారు. ఆమెకు చేపల కూర రుచి ఇష్టమని వాళ్లకు తెలుసు. 1980లలో ఆ మంచం ఖాళీ చేయించాలని కార్పొరేషన్ ప్రయత్నిస్తే నర్సులు ఒప్పుకోలేదు. మంచం మీద అన్ని ఏళ్లు ఉన్నా ఆమె ఒంటి మీద పడక పుండు లేదన్నది అందరూ ఆశ్చర్యంగా చెప్పిన మాట. పడక పుండు సంగతి ఇంట్లో మంచాన పడ్డవాళ్లు ఉన్నవాళ్లకు తెలుసు. నాలుగు రోజులు అజాగ్రత్తగా ఉంటే చాలు, వీపు కింద మొదలవుతుంది.

2009లో పింకీ విరానీ అనే రచయిత్రి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇది బతుకు కాదు, ఆమెకు తిండి ఎక్కించడం ఆపి ప్రశాంతంగా పోనివ్వాలని అడిగింది. నర్సులు వద్దన్నారు. 2011 మార్చి 7న కోర్టు తీర్పు చెప్పింది. అరుణ తరఫున నిర్ణయం చెప్పాల్సిన ఆప్తులు కేఈఎం సిబ్బందే అన్నది. వాళ్లు వద్దన్నారు కాబట్టి తిండి ఆపడానికి ఒప్పుకోలేదు. వాళ్ల సేవను చాలా మెచ్చుకుంది. కానీ అదే తీర్పులో, ఇక కోలుకోలేని స్థితిలో ఉన్నవాళ్లకు హైకోర్టు అనుమతితో ప్రాణాధార చికిత్స ఆపవచ్చని కూడా చెప్పింది. 2018 మార్చి 9న అయిదుగురు జడ్జీల బెంచ్, గౌరవంగా మరణించడం కూడా హక్కే అని, ముందే తన ఇష్టం రాసిపెట్టుకోవచ్చని చెప్పింది. ఇవాళ ఐసీయూ బయట కూర్చున్న ప్రతి కుటుంబానికీ ఈ రెండో తీర్పు వర్తిస్తుంది.

2015 మేలో అరుణకు న్యుమోనియా వచ్చింది. ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారు. మే 18న చనిపోయింది. అంత్యక్రియలకు నర్సులు ఇంటి ఆడపిల్లను పంపినట్టు పంపారు.

ఇందులో ఎవరిది సరి? మా ఇంట్లో కూడా వాదన అయింది. అమ్మ, "అన్నేళ్లు అట్ల ఉంచుడు పాపం" అన్నది. బాపు, "చూసుకునేవాళ్లు ఉన్నప్పుడు పొమ్మనుడు ఎట్ల" అన్నాడు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అరుణకు ఏం కావాలో ఆమెనే అడగలేకపోవడం అసలు కష్టం. కానీ ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. నర్సులు ప్రతి రోజూ ఆమెను మనిషిగా చూశారు. కోర్టులో వాదించిన ఇద్దరికీ ఆ పని వల్లే వాదించడానికి ఒక మనిషి మిగిలింది.

వర్లి, 2020

అప్పుడు నాకు పదేళ్లు. 2020 మార్చి చివర వర్లి కోలీవాడాను మూసేశారు. బాంబు పడ్డట్టు రోడ్లన్నీ ఖాళీ. మన వర్లిలోనే ఉన్న ఎన్ఎస్‌సీఐ డోమ్‌ను కోవిడ్ రోగుల కోసం పడకల హాలుగా మార్చారు. ఆటలు, సభలు జరిగే చోట మంచాలు వేశారు. నూట ఇరవై ఏళ్ల కింద ప్లేగు రోగులను చూసిన కస్తూర్బా ఆసుపత్రికే మొదటి కోవిడ్ రోగులను కూడా తీసుకుపోయారు.

అప్పుడు వెంటిలేటర్లు ఎన్ని ఉన్నాయని టీవీలో రోజూ లెక్క చెప్పేవాళ్లు. వెంటిలేటర్లు కొనవచ్చు. కానీ దాన్ని నడపడం తెలిసిన నర్సును ఒక్క రాత్రిలో తయారు చేయలేం. ఊపిరి మరీ కష్టమైన రోగులను బోర్లా పడుకోబెట్టేవాళ్లు. రోజుకు 16 గంటలు. గొట్టం, సూదులు ఊడకుండా ఒక మనిషిని బోర్లా తిప్పాలంటే నలుగురైదుగురు కావాలి. ఒకరు తల, గొట్టం పట్టుకొని లెక్క చెబితే మిగతావాళ్లు ఒకేసారి తిప్పాలి. ఇదంతా ఒళ్లంతా ప్లాస్టిక్ తొడుగులు వేసుకొని, ముంబై మే నెల ఉక్కలో. ఆ రోజుల్లో కేరళ నుంచి కూడా డాక్టర్లు, నర్సులు మన ఊరికి సాయంగా వచ్చారు. ఇంటివాళ్లను లోపలికి రానివ్వకపోవడం ప్లేగు రోజుల్లాగే జరిగింది. కానీ ఈసారి ఒక తేడా ఉంది. చాలాచోట్ల నర్సులు ఫోను పట్టుకొని రోగి ముఖం ఇంటివాళ్లకు చూపించారు. ఆ తలుపు వెనుక ఎవరున్నారో ఇంటివాళ్లకు తెలిసింది.

మా తాత చార్టు

మళ్లీ మా తాత సంగతి. ఆ స్టూలు మీది సిస్టర్ రాసే కాగితం ఏమిటో తర్వాత నాకు అర్థమైంది. గంట గంటకూ నాడి, రక్తపోటు, ఆక్సిజన్, జ్వరం, లోపలికి పోయిన నీళ్లు, బయటికి వచ్చిన మూత్రం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం. తల వైపు మంచం కొంచెం ఎత్తుగా ఉంచడం, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోకుండా. నోరు శుభ్రం చేయడం, ఎందుకంటే నోటి క్రిములే గొట్టం వెంట లోపలికి పోయి మళ్లీ న్యుమోనియా తెస్తాయి. ప్రతిసారీ చేతులు కడగడం. డాక్టరు రోజుకు కొన్నిసార్లు వస్తారు. మధ్యలో ఏదైనా మారితే ముందు కనిపెట్టేది నర్సే.

ఆరో రోజు డాక్టర్లు బాపును పిలిచి పరిస్థితి చెప్పారు. ఇంకా ఎంత దూరం పోవాలో ఆలోచించుకోమన్నారు. బాపు బయటికి వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. నాయనమ్మ ఏడుస్తున్నది. రాత్రి డ్యూటీ దిగి పోతున్న సిస్టర్ ఆగి, నిర్ణయం గురించి ఏమీ చెప్పకుండా, ఒక్కటే చెప్పింది. "తెల్లారి నాలుగింటికి చెయ్యి నొక్కితే తిరిగి నొక్కారు. చార్టులో రాశాను." బాపు అప్పుడు ఇంకొన్ని రోజులు చూద్దామన్నాడు.

మందు తగ్గించాక తాత కళ్లు తెరిచాడు. కానీ గొట్టం లాగేసుకోబోయాడు. సిస్టర్లు హిందీలో, మరాఠీలో ఎంత చెప్పినా వినలేదు. యాభై ఏళ్లు బొంబాయిలో ఉన్న మనిషి, మూడు భాషలు మాట్లాడే మనిషి, ఆ రోజు తెలుగు తప్ప ఏదీ గుర్తుపట్టలేదు. నన్ను పిలిపించారు. "తాతా, నేనే. నువ్వు దవాఖానల ఉన్నవ్. గొట్టం గుంజకు, ఊపిరి కోసం పెట్టిన్రు" అన్నాను. తాత చెయ్యి ఆగింది.

ఆ సాయంత్రం నేను ఒక అట్ట మీద తెలుగు మాటలను హిందీ అక్షరాల్లో రాసి ఇచ్చాను. నొప్పి ఉందా, దూప అయితుందా, పక్కకు తిప్పుతున్న, భయపడకు, ఇయ్యాల మంగళవారం. మలయాళం మాట్లాడే ఒక సిస్టర్ అవి చదివి, వంకర టింకరగా పలికితే తాత నవ్వబోయాడని చెప్పింది. మన బడిలో పిల్లలు తగ్గిపోతున్నారు, తెలుగు చదివి ఏం లాభం అని చాలామంది అడుగుతారు. నాకు దొరికిన జవాబు ఇది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషి మొదటి భాషలోకే పోతాడు. అప్పుడు ఆ భాష తెలిసినవాళ్లు ఒక్కరైనా ఆ గదిలో ఉండాలి.

ముగింపు

పందొమ్మిదో రోజు తాత ఇంటికి వచ్చాడు. నడక తగ్గింది, గొంతు బొంగురుపోయింది. లోపల ఏం గుర్తుంది తాతా అని అడిగితే, "సాంచలు నడుస్తున్నట్టు చప్పుడు. మిల్లులనే ఉన్ననుకున్న. ఎవరో వచ్చి తిప్పుతమని చెప్పేటోళ్లు" అన్నాడు. ఆ సిస్టర్ చెప్పింది నిజమే. విన్నాడు.

స్కుటారి నుంచి వర్లి దాకా చూస్తే యంత్రాలు చాలా మారాయి. ఇనుప పెట్టె పోయి రబ్బరు సంచి వచ్చింది, సంచి పోయి తెర ఉన్న వెంటిలేటర్ వచ్చింది. మారనిది ఒక రోగి పక్కన ఒక మనిషి మేల్కొని ఉండటం. ఆ మనిషి తక్కువైతే ఎంత ఖరీదైన గది అయినా ప్లేగు ఆసుపత్రి లాగే భయపెడుతుంది. అందుకే ఐసీయూలో ఎన్ని పడకలు అని అడిగే ముందు ఎంతమంది నర్సులు అని అడగాలి. వాళ్లకు సరైన జీతం, భద్రత ఉన్నాయా అని కూడా అడగాలి. అరుణ మీద దాడి తర్వాత నర్సులు అడిగింది అదే.

పన్నెండో తరగతి తర్వాత నర్సింగ్ చదువుతానని ఇంట్లో చెప్పాను. ఇంతకుముందు అయితే నాయనమ్మ, "ఒకరి పీతి ఎత్తే పని మనకెందుకు" అనేది. ఈసారి ఆ మాట అనలేదు. కొంచెంసేపు ఊరుకొని, "రాత్రి డ్యూటీ ఉంటది గదా, ఎట్ల వస్తవ్ పోతవ్" అన్నది. తాత పడుకున్నచోటి నుంచే, "నేను తోలుకొస్త" అన్నాడు.